‘చరిత్రలో ఈ రోజు’ క్విజ్: రోజూ మూడు మంచి ప్రశ్నలు తయారు చేయడం ఎలా?

స్నేహితుల గ్రూపులోనో, తరగతిలోనో, ఆఫీసులోనో రోజూ పొద్దున్నే ‘చరిత్రలో ఈ రోజు’ పేరుతో రెండు మూడు ప్రశ్నలు వేయాలని చాలామందికి ఉంటుంది. మొదలుపెట్టడం తేలికే. మొదటి వారం అందరూ హుషారుగా జవాబులు పంపుతారు. నెల తిరిగేసరికి ఇద్దరు ముగ్గురే మిగులుతారు. అప్పటిదాకా వేసిన ప్రశ్నలు ఒకసారి వెనక్కి తిప్పి చూస్తే కారణం అక్కడే దొరుకుతుంది. ‘ఫలానా యుద్ధం ఏ సంవత్సరంలో ముగిసింది?’, ‘ఫలానా శాస్త్రవేత్త ఎప్పుడు పుట్టాడు?’ అనే మూసే మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. గుర్తున్నవాళ్లు చెప్తారు, గుర్తులేనివాళ్లు ఫోన్‌లో వెతికి చెప్తారు. ఆలోచించాల్సిన అవసరం ఎవరికీ పడదు.

అందుకని ఈ పని మొత్తానికి ఒకే సూత్రం పెట్టుకోండి: తేదీని అడగకండి, తేదీని ఇచ్చేయండి. ఇవాళ ఏ తేదీయో అందరికీ తెలుసు. ఆ తేదీన ఏం జరిగింది, ఎలా జరిగింది, ఎందుకు జరిగింది అన్నవాటిలోంచి ప్రశ్న పుట్టాలి. కింద చెప్పే పద్ధతంతా ఈ సూత్రం మీదే నడుస్తుంది.

1. పట్టిక వేసుకోండి

ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి రోజుకొకటి చొప్పున 366 వరుసలు పెట్టండి. ప్రతి వరుసలో ఐదు గడులు చాలు: తేదీ, సంవత్సరం, సంఘటన లేదా వ్యక్తి, ఎక్కడ సరిచూశారు, ఏ ఏడాది వాడారు. చివరి రెండూ అనవసరమనిపిస్తాయి. కానీ ఎవరైనా ‘ఇది తప్పు’ అన్న రోజున నాలుగో గడి, రెండో ఏడాది మొదలైన రోజున ఐదో గడి మిమ్మల్ని కాపాడతాయి.

ఏడాదికి సరిపడా ఒకేసారి నింపేద్దామని కూర్చోకండి, విసుగొచ్చి మానేస్తారు. ఎప్పుడూ రెండు వారాలు ముందుంటే చాలు. ఏ రోజు ప్రశ్న ఆ రోజు పొద్దున్నే తయారుచేసే అలవాటు మాత్రం వద్దు. ఆ తొందరలో నెట్‌లో దొరికిన ఏదో జాబితా లోంచి ఒక వాక్యం ఎత్తి రాయడమే జరుగుతుంది.

జాబితాలు చూడటం తప్పు కాదు. అవి ఆచూకీ చెప్పడానికి పనికొస్తాయి, రుజువుగా మాత్రం పనికిరావు. నోబెల్ గ్రహీతలైతే నోబెల్ బహుమతి వెబ్‌సైట్‌లోని జీవిత విశేషాలు, అంతరిక్ష ప్రయోగాలైతే నాసా, ఇస్రో పేజీలు, మిగతావాటికి మంచి విజ్ఞాన సర్వస్వాలు, మ్యూజియంలు, పాత పత్రికల సంచికలు చూడండి. రెండు చోట్ల ఒకే తేదీ కనిపించగానే నిశ్చింతగా ఉండకండి. ఒకచోటి నుంచి మరొకచోటికి కాపీ అయి ఉంటే అవి రెండు ఆధారాలు కావు, ఒక్కటే.

2. ఏ సంఘటనను ఎంచుకోవాలి?

ఏ తేదీకైనా యుద్ధాలు, పట్టాభిషేకాలు, ఒప్పందాలు బోలెడు దొరుకుతాయి. వాటినే ఏరుకుంటూ పోతే క్విజ్ బరువెక్కిపోతుంది. ఆవిష్కరణలు, ఆటలు, సంగీతం, ప్రయాణాలు, వైద్యం కూడా వారంలో తలా ఒకసారి తగిలేలా చూసుకోండి.

ఎంపికకు ఒక చిన్న పరీక్ష ఉంది. ఆ సంగతిని పక్కనున్న మనిషికి రెండు వాక్యాల్లో చెప్పండి. ‘అవునా!’ అంటే తీసుకోండి, ‘ఓహో’ అని ఊరుకుంటే వదిలేయండి. ఉదాహరణకు 1977 ఆగస్టు 20న నాసా అంతరిక్ష నౌక వాయేజర్ 2 బయల్దేరింది. వాయేజర్ 1 ఆ తర్వాత, సెప్టెంబర్ 5న బయల్దేరింది. ముందు వెళ్లినదానికి 2 అనీ, వెనక వెళ్లినదానికి 1 అనీ పేరెందుకు పెట్టారు? ఈ ప్రశ్న వినగానే ఎవరైనా ఒక క్షణం ఆగుతారు. వాయేజర్ 1కు ఎంచుకున్న దారి దగ్గరిది, వేగవంతమైనది. గురుగ్రహాన్ని అదే ముందు చేరుతుందని లెక్క. అలాగే 1979 మార్చిలో వాయేజర్ 1, జూలైలో వాయేజర్ 2 గురుగ్రహం దగ్గరకు చేరాయి. జవాబు తెలియనివాళ్లు కూడా తర్కంతో అక్కడిదాకా రాగలరు. సరిగ్గా ఇలాంటివే మనకు కావలసినవి.

విషాదాల విషయంలో మాత్రం జాగ్రత్త. చనిపోయినవాళ్ల సంఖ్యకు నాలుగు ఆప్షన్లిచ్చి పాయింట్లు పెట్టడం ఎవరికీ గౌరవం కాదు. అలాగని ఆ తేదీలను దాటేయనక్కర్లేదు. ఆ ఘటన తర్వాత లోకం ఏం నేర్చుకుందో అడగండి. 1912లో టైటానిక్ మునిగినప్పుడు ఓడలో సుమారు 2,200 మంది ఉన్నారు, లైఫ్‌బోట్లలో చోటు మాత్రం 1,178 మందికే. ఆ ప్రమాదం తర్వాతే 1914లో సముద్ర ప్రయాణికుల భద్రత మీద అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. ఇలాంటి ఒప్పందానికి దారితీసిన లోపం ఏది అని అడిగితే అది ప్రశ్నా అవుతుంది, ఆ మనుషులను మర్యాదగా తలచుకున్నట్టూ అవుతుంది.

3. తేదీని సరిచూడండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. తేదీ మీదే ఆధారపడిన క్విజ్‌లో తేదీయే తప్పితే ఇంకేమీ నిలవదు. ముఖ్యంగా నాలుగు చోట్ల కాలు జారుతుంది.

మొదటిది క్యాలెండర్. ఇప్పుడు మనం వాడే గ్రెగోరియన్ క్యాలెండర్ 1582లో వచ్చింది. దాన్ని వెంటనే అమలు చేసిన దేశాల్లో ఆ ఏడాది అక్టోబర్ 4 తర్వాతి రోజు అక్టోబర్ 15. బ్రిటన్ 1752 దాకా ఆగింది, అక్కడ సెప్టెంబర్ 2 తర్వాత సెప్టెంబర్ 14 వచ్చింది. రష్యా 1918లో మారింది. అంటే 1582 నుంచి ఆయా దేశాలు మారేదాకా ఒకే రోజుకు రెండు తేదీలు నడిచాయి. న్యూటన్ 1642 క్రిస్మస్ రోజున పుట్టాడని ఇంగ్లండ్ లెక్క, కొత్త క్యాలెండర్ ప్రకారం అది 1643 జనవరి 4. ‘గెలీలియో పోయిన ఏడాదే న్యూటన్ పుట్టాడు’ అనే మాట చాలాచోట్ల కనిపిస్తుంది. గెలీలియో మరణాన్ని ఇటలీ క్యాలెండర్‌లోనూ, న్యూటన్ జననాన్ని ఇంగ్లండ్ క్యాలెండర్‌లోనూ చూస్తేనే అది నిజమవుతుంది. ఆ కలయికే కావాలనుకుంటే స్టీఫెన్ హాకింగ్‌ను తీసుకోండి. గెలీలియో 1642 జనవరి 8న పోయాడు, హాకింగ్ 1942 జనవరి 8న పుట్టాడు. సరిగ్గా 300 ఏళ్లు, ఏ మెలికా లేదు.

షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ ఇద్దరూ 1616 ఏప్రిల్ 23న ఒకే రోజు చనిపోయారనేదీ ఇలాంటిదే. స్పెయిన్‌ది కొత్త క్యాలెండర్, ఇంగ్లండ్‌ది పాతది. రెండు చోట్లా రాసిన తేదీ ఒకటే అనుకున్నా ఆ రెండు రోజులకూ మధ్య పది రోజుల తేడా ఉంది. ఇలాంటిది కనిపించినప్పుడు పారేయకండి. ‘రెండు దేశాల్లోనూ తేదీ ఏప్రిల్ 23, అయినా అది ఒకే రోజు కాదు, ఎందుకు?’ అని తిప్పి అడిగితే అంతకన్నా మంచి ప్రశ్న ఉండదు.

రెండోది టైమ్ జోన్. చంద్రుడి మీద అపోలో 11 నౌక ఈగిల్ దిగింది 1969 జూలై 20న, అంతర్జాతీయ సమయం ప్రకారం రాత్రి 8 గంటల 17 నిమిషాలకు. ఆర్మ్‌స్ట్రాంగ్ అడుగు పెట్టేసరికి అదే గడియారంలో జూలై 21 తెల్లవారుజాము 2 గంటల 56 నిమిషాలు. అమెరికాలో అప్పటికింకా 20వ తేదీ రాత్రే. భారత కాలమానంలో దిగడమూ 21నే, అడుగు పెట్టడమూ 21నే. కాబట్టి ప్రశ్నలో దిగడం గురించి అంటున్నారా, అడుగు గురించా, ఎక్కడి గడియారం ప్రకారమో ఒక్క మాటలో చెప్పేయండి.

మూడోది, ఒకే సంఘటనకు రెండు మూడు తేదీలు ఉండటం. టైటానిక్ మంచుకొండను గుద్దుకుంది 1912 ఏప్రిల్ 14 రాత్రి, మునిగింది 15 తెల్లవారుజామున. ఐక్యరాజ్యసమితి చార్టర్ మీద సంతకాలు 1945 జూన్ 26న జరిగాయి, అది అమల్లోకి వచ్చింది అక్టోబర్ 24న. సంస్థ దినోత్సవం రెండోదానికే. ‘ఏర్పడింది’ అని గాలిలో వదిలేయకుండా సంతకమా, అమలా అన్నది తేల్చి రాయండి.

నాలుగోది పాతకాలపు పుట్టినరోజులు. బీథోవెన్‌కు 1770 డిసెంబర్ 17న బాప్టిజం జరిగినట్టు రికార్డు ఉంది, పుట్టిన తేదీకి లేదు. షేక్‌స్పియర్‌దీ అంతే. 1564 ఏప్రిల్ 26 బాప్టిజం తేదీ, ఏప్రిల్ 23 అన్నది ఆనవాయితీగా వస్తున్న అంచనా. అలాంటిచోట ‘ఈ రోజు బాప్టిజం జరిగిన’ అని రాస్తే సరిపోతుంది. ఆ చిన్న మాట మీ క్విజ్ మీద నమ్మకం పెంచుతుంది.

4. ప్రశ్న రాయండి

రైట్ సోదరులను తీసుకుందాం. ‘మనిషి మొదటిసారి గాలిలో ఎగిరింది ఎప్పుడు?’ అని రాశారనుకోండి. జవాబు 1903 అనుకుంటే తప్పే. అంతకు 120 ఏళ్ల ముందు, 1783 నవంబర్ 21న పారిస్‌లో ఇద్దరు వేడిగాలి బెలూన్‌లో ఎగిరారు. ‘మొదటి’ అనే మాట ఎక్కడ వచ్చినా దానికి ముందు షరతులన్నీ చేర్చాలి: ఇంజన్‌తో నడిచే, గాలికన్నా బరువైన, మనిషి అదుపులో ఉన్న. అన్ని షరతులు పెట్టాక వాక్యం కొండవీటి చాంతాడంత అవుతోందంటే ‘మొదటి’ని వదిలేసి వేరే కోణం వెతకండి. ఇలా:

‘1903 డిసెంబర్ 17న ఆర్విల్ రైట్ నడిపిన విమానం మొదటి ప్రయత్నంలో గాలిలో ఎంతసేపు ఉంది? 12 సెకన్లు, 59 సెకన్లు, 4 నిమిషాలు, 12 నిమిషాలు.’

జవాబు 12 సెకన్లు. వెళ్లిన దూరం 120 అడుగులు, అంటే ఒక బోయింగ్ 747 రెక్కల వెడల్పు కన్నా తక్కువ. ఇక్కడ 59 సెకన్లు అనే ఆప్షన్ ఊరికే పెట్టింది కాదు. అదే రోజు నాలుగోసారి విల్బర్ ఎగిరినప్పుడు విమానం 59 సెకన్లు నిలిచింది, 852 అడుగులు వెళ్లింది. తప్పు ఆప్షన్లు ఇలా ఉండాలి. అవి అసలు కథకు దగ్గరగా ఉండి, ఎందుకు తప్పో చెప్పేటప్పుడు ఇంకో సంగతి నేర్పాలి. చూడగానే కొట్టిపారేసే ఆప్షన్ ఒకటున్నా నాలుగు కాస్తా మూడవుతాయి.

ఫోన్‌లో వెతికేవాళ్ల గురించి దిగులు పడకండి. వెతికినా వెంటనే దొరకని రకం ప్రశ్నలు రాయొచ్చు. రెండు సంగతులు ఇచ్చి మధ్యనున్న ముడి ఏమిటని అడగడం వాటిలో ఒకటి. ‘1961 ఏప్రిల్ 12, 1981 ఏప్రిల్ 12: ఈ రెండు రోజులనూ కలిపేది ఏది?’ మొదటిది గగారిన్ 108 నిమిషాల అంతరిక్ష ప్రయాణం, రెండోది స్పేస్ షటిల్ కొలంబియా తొలి ప్రయోగం. మనిషి అంతరిక్షంలోకి వెళ్లిన ఇరవయ్యో వార్షికోత్సవం నాడే మళ్లీ వాడుకోగల అంతరిక్ష నౌక మనుషులతో మొదటిసారి లేచింది. దీన్ని వెతకాలన్నా ముందు ఎటు వెతకాలో ఆలోచించాలి.

రాశాక ప్రశ్నను బయటికి చదవండి. ఒకటికి మించిన సరైన జవాబు ఉండే వీలుందా? ‘ప్రసిద్ధ’, ‘గొప్ప’ లాంటి మాటలు ఉన్నాయా? ఉంటే తీసేయండి, అవి ఆచూకీ ఇవ్వవు. ‘నేటికి యాభై ఏళ్ల క్రితం’ అని కూడా రాయకండి, వచ్చే ఏడాదికి ఆ ప్రశ్న పనికిరాదు. సంవత్సరమే రాయండి.

5. పుట్టినరోజుల ప్రశ్నలు

వీటికి బాగా నప్పేది మూడు క్లూల పద్ధతి. కష్టమైనది ముందు, తేలికైనది చివర. మొదటి క్లూకే చెప్పినవాళ్లకు 3 పాయింట్లు, రెండోదానికి 2, మూడోదానికి 1. గంటకొక క్లూ చొప్పున వదిలితే రోజంతా ఆట సాగుతుంది. క్లూ అంటే ఆ మనిషి చేసిన పని, తీసుకున్న నిర్ణయం, ఎదుర్కొన్న ఇబ్బంది. పుట్టిన ఊరు, చదివిన కాలేజీ, అందుకున్న బిరుదులు క్లూలుగా పేలవం.

ఒకే రోజు పుట్టినవాళ్లను జోడీ కట్టడం ఇంకో దారి. 1809 ఫిబ్రవరి 12న అట్లాంటిక్‌కు అటొకరు ఇటొకరు పుట్టారు. ఒకరు ఇంగ్లండ్‌లో ఉన్న డాక్టర్ ఇంట్లో, మరొకరు కెంటకీలో దుంగలతో కట్టిన గుడిసెలో. ఒకరు జీవజాతుల పుట్టుక గురించి మన ఆలోచననే మార్చారు, ఇంకొకరు తన దేశంలో బానిసత్వం అంతానికి దారి వేశారు. ఎవరా ఇద్దరు? ఒకరు తడితే రెండోవారు వాళ్లంతట వాళ్లే గుర్తొస్తారు. డార్విన్, లింకన్.

ఫిబ్రవరి 29 వరుసను ఖాళీగా వదలకండి, లెక్కలిష్టమున్నవాళ్లకు అది పండగ. మొరార్జీ దేశాయ్ 1896 ఫిబ్రవరి 29న పుట్టారు. మళ్లీ ఆ తేదీ వచ్చేసరికి ఆయనకు ఎన్నేళ్లు? నాలుగు అని ఠక్కున చెప్పేస్తారు. ఎనిమిది. వందతో భాగించగలిగే సంవత్సరం 400తో కూడా భాగించగలిగితేనే లీపు సంవత్సరం కాబట్టి 1900లో ఆ రోజు లేదు.

మీ గ్రూపులోవాళ్ల పుట్టినరోజులను కూడా కలుపుకోవచ్చు, వాళ్లు సరేనంటేనే. ఆ రోజున అదే తేదీన పుట్టిన ఒకరి మీద ప్రశ్న వేసి ‘మీ జోడీ ఎవరో కనుక్కోండి’ అంటే సంతోషిస్తారు. పుట్టిన సంవత్సరం మాత్రం అడగకండి, రాయకండి. గ్రూపులో 23 మంది ఉంటే కనీసం ఇద్దరిది ఒకే పుట్టినరోజు అయ్యే అవకాశం సగానికి మించే ఉంటుంది. ఇదీ ఒక రోజుకు ప్రశ్నే.

6. ఒక రోజు మొత్తం ఎలా ఉంటుందో చూద్దాం: నవంబర్ 7

రోజుకు మూడు ప్రశ్నలు సరిపోతాయి. ఒకటి చాలామంది చెప్పగలిగేది, ఒకటి ఆలోచిస్తే తట్టేది, ఒకటి కాస్త గట్టిది. నవంబర్ 7 ఈ మూడింటికీ చేతినిండా సరుకిస్తుంది.

మొదటిది 1867లో ఆ రోజు పుట్టిన ఒకామె మీద మూడు క్లూలు. ‘ఆమె నోటుపుస్తకాలను ఇప్పటికీ సీసం పెట్టెల్లో ఉంచుతారు.’ ‘తాను కనుగొన్న మూలకానికి, అప్పటికి స్వతంత్ర దేశంగా పటంలో లేని తన మాతృభూమి పేరు పెట్టింది.’ ‘రెండు వేర్వేరు శాస్త్రాల్లో నోబెల్ అందుకుంది.’ మేరీ క్యూరీ. మూడో క్లూకి దాదాపు అందరూ చెప్పేస్తారు. మొదటి క్లూ దగ్గర మాత్రం ‘సీసం ఎందుకు?’ అని ఆలోచిస్తే రేడియోధార్మికత దాకా దారి ఉంది.

రెండోది 1888లో అదే తేదీన పుట్టిన సి.వి. రామన్ మీద. పేరు ముందే ఇచ్చేయండి. ‘1921లో ఐరోపా నుంచి ఓడలో తిరిగి వస్తూ ఆయన దేన్ని చూసి, అప్పటిదాకా అందరూ ఒప్పుకున్న వివరణను కాదనుకున్నారు? ఇంద్రధనుస్సు, సముద్రపు నీలం, సాయంకాలపు ఎరుపు, నీటిపై నూనె తెట్టు రంగులు.’ జవాబు సముద్రపు నీలం. ఆకాశం నీటిలో ప్రతిబింబించడం వల్లే ఆ రంగు అని అప్పటి మాట. నీటి ఉపరితలం మీది మెరుపును తొలగించే ఒక పట్టకంలోంచి చూసినా నీలం పోలేదు. నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయని ఆయన వాదించారు. ఆ దారిలోనే 1928 ఫిబ్రవరి 28 నాటి రామన్ ఎఫెక్ట్, 1930 నోబెల్ వచ్చాయి.

మూడోది: ‘అక్టోబర్ విప్లవం వార్షికోత్సవాన్ని సోవియట్ యూనియన్ నవంబర్ 7న ఎందుకు జరుపుకునేది?’ 1917లో రష్యా పాత క్యాలెండర్‌లోనే ఉంది, అది కొత్తదానికన్నా 13 రోజులు వెనక. అక్కడి అక్టోబర్ 25 కొత్త క్యాలెండర్‌లో నవంబర్ 7. ఆ విప్లవ నాయకుల్లో ఒకరైన ట్రాట్‌స్కీ పుట్టింది కూడా కొత్త లెక్కలో 1879 నవంబర్ 7నే. తన 38వ పుట్టినరోజు నాడే అప్పటి రాజధాని పెట్రోగ్రాడ్, విప్లవం నడిపిన బోల్షివిక్‌ల చేతికొచ్చింది.

7. జవాబు ఎలా ఇవ్వాలి?

చాలామంది ‘సరైన జవాబు: బి’ అని వదిలేస్తారు. అంత కష్టపడి వెతికింది ఈ ఒక్క అక్షరం కోసమా? జవాబు కింద మూడు నాలుగు వాక్యాలు తప్పకుండా రాయండి. ఎందుకు సరైనదో ఒక వాక్యం, ఎక్కువమంది పడే తప్పు ఆప్షన్ గురించి ఒక వాక్యం, ‘ఇంకో సంగతి’ ఒకటి. ఓడినవాళ్లను మర్నాడు మళ్లీ రప్పించేది ఆ మూడో వాక్యమే. అంతకు మించి సాగదీయకండి.

ప్రశ్నలు రోజూ ఒకే వేళకు పంపండి, జవాబులు సాయంత్రం ఒకే వేళకు. వేగానికి పాయింట్లు పెట్టొద్దు. పనిలో ఉన్నవాళ్లు రెండు రోజుల్లో తప్పుకుంటారు. వారం వారం లెక్క సున్నా నుంచి మొదలుపెడితే కొత్తగా చేరినవాళ్లకూ గెలిచే వీలుంటుంది. ఎవరైనా ఆధారం చూపి తప్పు పట్టుకుంటే మర్నాడు ప్రశ్నల కన్నా ముందే సవరణ ఇవ్వండి, పట్టుకున్నవారికి పాయింట్లు వేయండి, పట్టికలో ఆ వరుసను అప్పుడే దిద్దండి.

8. రెండో ఏడాది

ఐదో గడి ఇప్పుడు పనికొస్తుంది. నిరుడు వాడిన సంగతినే ఈసారి రెండో వైపు నుంచి అడగండి. మొదటి ఏడాది మే 29న ఇలా వేశారనుకోండి: ‘1953లో ఈ రోజు హిల్లరీ, టెన్జింగ్ ఎవరెస్టు శిఖరం మీద నిలబడ్డారు. లండన్‌లో ఆ వార్త అచ్చయ్యేసరికి నాలుగు రోజులు పట్టింది. సరిగ్గా ఆ రోజే ఆ నగరంలో జరిగిన వేడుక ఏది?’ జవాబు రెండో ఎలిజబెత్ పట్టాభిషేకం. రెండో ఏడాది మే 29ని వేరే సంఘటనకు వదిలేసి, జూన్ 2న పట్టాభిషేకాన్ని ముందు పెట్టండి: ఊరేగింపు చూడటానికి వీధుల్లో తెల్లవారేదాకా కాచుకున్న జనానికి ఆ పొద్దున పత్రికలో కనిపించిన వార్త, వేల మైళ్ల దూరం నుంచి వచ్చింది, ఏమిటి?